మా చర్చి చరిత్రలో ఒకే ఒక్క వాన

ఆ రోజుల్లో మా ఊళ్లో వయసు అడిగితే ఎవరూ సంవత్సరం చెప్పేవారు కాదు, ఏ కరువులో పుట్టారో చెప్పేవారు. కంబదూరు వైపు చెట్టూ చేమా లేని మిట్ట మీద మా మెథడిస్టు చర్చి కూడా అలాగే ఒక కరువులో పుట్టింది. అక్కడ గంట కొట్టడం, ఊడ్చడం, లోపలికి దూరిన మేకల్ని అదిలించడం అన్నీ మా అవ్వ పనులే. నేను అప్పుడే డిగ్రీలో చేరి, లోకంలో నాకు తెలియనిది ఏదీ లేదనుకునే వయసులో ఉన్నాను. (ఆ రోగం తర్వాత పూర్తిగా నయమైంది.)

కరువులో అధిక మాసమన్నట్టు ఆ ఏడు ఇంకో కబురు వచ్చింది. జనం తగ్గిపోయారు కాబట్టి మా పాస్టరు అయ్యగారిని వేరే ఊరికి మార్చి, చర్చికి తాళం వేయాలని పైవాళ్లు ఆలోచిస్తున్నారు. జిల్లా పాస్టర్లందరికీ పెద్ద అయిన సూపరింటెండెంటుగారు చర్చి మొదలైన రోజును తలుచుకునే ప్రతిష్ఠ పండుగ ఆదివారం స్వయంగా వచ్చి, చూసి తేలుస్తారట. అయ్యగారు నన్ను పిలిచి, "చదువుకున్నోనివి, మన గుడి చరిత్ర ఆయన ముందర నువ్వే చెప్పు నాయనా. గుడి నిండా జనముంటే తాళం ఎట్లేస్తారో చూస్తాం" అన్నారు. ఆయన భార్య మా వీధి పిల్లలందరికీ అక్షరాలు దిద్దించిన తల్లి. వాళ్లు వెళ్లిపోతే మాకు ఇంకేం మిగులుతుందని నాకు దిగులు పట్టుకుంది.

చరిత్ర కోసం అవ్వను పట్టుకున్నాను. "గుడి ఎప్పుడు కట్టినారవ్వా?" "గంజి కరువులోనప్పా. దొరలు రాళ్లు మోయించి గంజి పోసినారు. కడుపు నిండాల కదా, గోడలు లేసినాయి." "మరి గంట?" "దాని తర్వాత కరువులో." "పైకప్పు?" "గొడ్లు సచ్చిన కరువులో." నాకు విసుగొచ్చింది. "వానలు పడిన ఏండ్లలో ఏమీ జరగలేదా?" అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "వాన పడితే గుడికి ఎవరొస్తారప్పా? అందరూ చేన్లోనే ఉంటారు." (ముసలావిడ ఛాదస్తమని నవ్వుకున్నాను.)

పండుగకు ముందు నెలంతా వాన కోసం ఉపవాస ప్రార్థనలు జరిగాయి. విత్తనపు కాయలు ఇంట్లో పెట్టుకుని ఆకాశం వైపు చూస్తూ కూర్చున్న మా నాయన అందరికంటే గట్టిగా ప్రార్థించేవాడు. జనం లోపల పట్టక బయట అరుగు మీద కూర్చునేవారు. అయ్యగారి ముఖం తేటపడింది. రంగు కాగితాలు కట్టాం, చిత్రాన్నానికి నిమ్మకాయలు తెచ్చాం. శనివారం సాయంత్రం వాన పడింది. నేల లోపలిదాకా తడిసి, వేరుశనగ విత్తడానికి సరిగ్గా సరిపోయే పదును వాన. దేవుడు మా మొర విన్నాడు, కాకపోతే ఒక్క రోజు ముందుగా విన్నాడు.

ఆదివారం తెల్లవారగానే విత్తనం వేసే గొర్రు సర్దుకుంటున్న నాయనకు అడ్డం నిలబడ్డాను. "ఈ ఒక్క పూట రా నాయనా. లేకుంటే గుడి పోతాది." "పదును పోతే మళ్లీ వస్తాదా? గుడి యాడికి పోతాది, ఆడే ఉంటాది" అని ఎడ్లను తోలుకుని వెళ్లిపోయాడు. ఊరు ఊరంతా అదే దారి పట్టింది.

సూపరింటెండెంటుగారు ప్యాంటు ఎత్తిపట్టుకుని బురద దాటుకుంటూ వచ్చారు. రంగు కాగితాల కింద అయ్యగారు, ఆయన భార్య, గంట తాడు పట్టుకుని అవ్వ, అంతే. నాకు ఏడుపొచ్చింది. అయినా బట్టీ పట్టిన చరిత్రంతా ఖాళీ బల్లలకు చెప్పాను. "ఎన్ని కరువులొచ్చినా ఈ సంఘం చెదరలేదు" అని గొంతెత్తగానే ఆయన మెల్లగా, "మరి జనం ఏరి బాబూ?" అన్నారు. జవాబు అవ్వ చెప్పింది. "మీరు కరువులో రావాల్సిందయ్యా. అప్పుడైతే కూర్చునేకి జాగా ఉండదు." ఆయన నవ్వారు. మా అయ్యగారు నవ్వలేదు.

కొద్దిరోజులకే అయ్యగారి సామాన్లు లారీ ఎక్కాయి. ఆ వాన తర్వాత మళ్లీ చినుకు లేదు, మొలకలన్నీ మాడిపోయాయి. మాడిన చేను చూసి మా నాయన తిన్నగా చర్చికి వచ్చాడు. వెనకే ఊరంతా వచ్చింది. తలుపుకు తాళం ఉంది. అందరూ ఎండలో, అరుగు మీదే మోకరించారు. అంతమంది జనాన్ని ఆ చర్చి దగ్గర నేను మళ్లీ చూడలేదు.

ఇప్పుడు ఉరవకొండలో ఉద్యోగం చేసుకుంటున్నాను. శనివారం సాయంత్రం మబ్బు కమ్మితే, వాన రావాలని కోరుకోవాలో వద్దో తేలక ఇప్పటికీ కిటికీ దగ్గర నిలబడిపోతాను. నా భార్య నవ్వుతుంది. ఖాళీ బల్లల ముందు గొంతు చించుకున్న ఆ కుర్రవాణ్ణి తలుచుకుని నేనూ నవ్వుతాను, కిటికీ మాత్రం వేయను.