చైనా పెద్దలూ, మా కల్లం బాటా

“బాటకు అడ్డంగా కడీలు పాతుతవా? మీ నాయన బతికున్నప్పటి సంది బండ్లు గిట్లనే పోతున్నయ్. నీ కండ్లకు కనపడలేదా?”

“మాట జారకు వదినా. పంపకాల కాగితంల బాట అని ఎక్కడన్నా రాసున్నదా? చూపియ్యి, ఇప్పుడే పీకేస్త.”

“నీ పెండ్లి గూడ ఏ కాగితంల లేదు. అయిందా, కాలేదా?”

రాతి కడీలకు ముళ్ల తీగ బిగిస్తున్న కూలీ నవ్వు ఆపుకోలేక తల పక్కకు తిప్పుకున్నాడు. మా మరిదికి అది ఇంకా మండింది.

“మనిషి నీళ్ల లెక్క ఉండాలె వదినా. తగ్గాలె. నువ్వు ప్రతిదానికి రాయి లెక్క అడ్డం పడతవ్.”

“రాయి పాతింది నువ్వు సారూ. నీళ్లు ఎవరి కల్లం బాటకూ అడ్డం కూసోవు. ఆ పుస్తకం నేను గూడ సదివిన.”

“సదివినవ్ లే! నాలుగో తరగతి సదువుకు తత్వం అర్థమైతదా? ఆ చెక్క నాకు అమ్మేసి ఇంట్ల కూసో అంటే ఇనవు.”

అసలు సంగతి ఆ చివరి మాటలో ఉంది. మా ఆయన పోయాక నాకు మిగిలింది ఆ పొలం చెక్క ఒక్కటే. అందులో మిరప వేసుకొని, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతుకుతున్నాను. దానికి మూడు వైపులా మా మరిది పొలమే. నాలుగో వైపు వాగు, వాగు దాటితే అడవి. కల్లంలో ఎండిన కాయ ఖమ్మం యార్డుకు చేరాలంటే ట్రాక్టరు అతని గట్టు వెంబడి ఉన్న బాటలోంచే రావాలి. బాట మూస్తే కాయ కల్లంలోనే వానకు తడిసి బూజు పడుతుంది. అట్లా ఒకటి రెండు పంటలు పోతే, ముసలిది విసిగిపోయి చెక్క తనకే రాసిస్తుందని అతని ఎత్తు. కడీలు పాతిన రోజుకు నా కల్లం నిండా ఎర్రగా కాయ ఎండుతోంది. భద్రాచలం వైపు మబ్బు లేస్తోంది.

మా మరిది ఖమ్మంలో కాలేజీ లెక్చరరుగా చేసి, రిటైరై ఊరికి వచ్చినవాడు. నా ఇంటి పక్కనే ఇల్లు కట్టాడు. దాని ముందు వెడల్పాటి వరండా దించి, ప్రతి ఆదివారం పొద్దున అందులో చైనా తత్వం చదివించడం మొదలుపెట్టాడు. పాత పుస్తకాలూ కొత్తవీ తెలుగులో దొరికినన్ని తెప్పించి బీరువాలో పెట్టాడు. చుట్టుపక్కల టీచర్లు, రిటైరైన ఆఫీసర్లు వచ్చి కూర్చునేవారు. నేను మొదట పోయింది తత్వం కోసం కాదు. అక్కడ టీ ఇస్తారు, పుస్తకం ఊరికే ఇస్తారు. ఊరికే వచ్చేదాన్ని వద్దనే అలవాటు నాకు ఎన్నడూ లేదు.

కానీ చదవడం మొదలుపెట్టాక వదలలేకపోయాను. మా ఆయన కళ్లజోడు పెట్టుకొని, అక్షరం కింద వేలు పెట్టి, పగటి వెలుతురులోనే చదివేదాన్ని. కరెంటు కాల్చి చదివేంత గొప్ప పుస్తకం ఇంకా ఎవరూ రాయలేదు.

మొదట చదివింది నీళ్ల పుస్తకం. పేరు నాకు నోరు తిరగదు, నేను పెట్టుకున్న పేరే అది. మెత్తగా ఉండు, వెనక ఉండు, ముందుకు దూకకు అని దాని సారం. బాగానే ఉంది గానీ, పుట్టినప్పటి నుంచీ ఆడవాళ్లకు ఇదే కదా చెబుతున్నారు, దీనికోసం చైనా దాకా పోవాలా అనుకున్నాను. రెండోది మర్యాదల పుస్తకం. తండ్రి ముందు కొడుకు ఎట్లుండాలి, అన్న ముందు తమ్ముడు ఎట్లుండాలి, చచ్చినవాళ్లకు ఏమేం చేయాలి అని. మా అత్తగారు బతికుంటే అందులో సగం పేజీలు తానే చెప్పేది, ఇంకా గట్టిగా చెప్పేది.

నాకు నిజంగా నచ్చినవాడు మూడో పెద్దమనిషి. చావులకూ సంబరాలకూ అంత ఖర్చెందుకు, అందరినీ ఒకేలా చూడండి, దుబారా మానండి అన్నాడట. ఆ కాలంలోనే అంత తెలివి! ఆయన మాటలు చదువుతుంటే మా పుట్టింటి మనిషిని కలిసినట్టు ఉండేది. మా మరిది మాత్రం వరండాలో ఆయన భాగాన్ని దాటేసేవాడు. “ఆయన అంత లోతు లేదు వదినా” అనేవాడు. లోతు లేకపోవడం కాదు. అందరినీ ఒకేలా చూడాలంటే బాట మూయడం కుదరదు.

ఇప్పటి కాలం పుస్తకం ఒకటి ఉంది. ఈ పెద్దలందరినీ వరసగా నిలబెట్టి, మీ నీతి ఎవరి వీపు మీద మోయించారు చెప్పండి అని అడిగే పుస్తకం. అది చదివాకే నాకు వరండా సరిగ్గా కనపడింది. తగ్గమని చెప్పేవాడు కుర్చీలో ఉన్నాడు. తగ్గవలసిన దాన్ని నేను, కింద చాప మీద ఉన్నాను.

కడీలు పాతిన సాయంత్రం నేను ఊరి పెద్దల దగ్గరికి పోయాను. వాళ్లలో సగం మంది ఆదివారం ఆ వరండాలో టీ తాగేవాళ్లే. “సార్ అంత సదువుకున్న మనిషి, ఊకెనే చేస్తడా అమ్మా? కూసొని మాట్లాడుకోండ్రి” అన్నారు. ఇంటికి వచ్చి ఏడవలేదు. మా మరిది బీరువాలోంచి అంతకు ముందే తెచ్చి, చదవకుండా పక్కన పెట్టిన పుస్తకం తీశాను. అది యుద్ధం పుస్తకం.

యుద్ధం అంటే కత్తులు అనుకున్నాను. అందులో కత్తులు తక్కువ. నేల చూసుకో, గాలి చూసుకో, ఎదుటివాడు దేన్ని పోగొట్టుకోలేడో చూసుకో, తర్వాతే కదులు. నాకు అర్థమైంది ఇంతే, నాకు కావలసిందీ ఇంతే. నేల చూశాను: నా వాకిలి అతని వరండా పక్కనే. గాలి చూశాను: ఆ రోజుల్లో పొద్దెక్కితే గాలి నా వాకిట్లోంచి నేరుగా అతని వరండాలోకి తోలుతుంది. ఇక అతను పోగొట్టుకోలేనిది పొలం కాదు, డబ్బు కాదు. చదువుకున్నవాళ్ల ముందు పెద్దమనిషిలా కనపడటం. వచ్చే ఆదివారం హైదరాబాద్ నుంచి ఒక పెద్ద ప్రొఫెసరు వస్తున్నాడని నెల రోజులుగా ఊరంతా చెప్పుకుంటున్నాడు.

శనివారం నా కాయ ఏరే ముఠాను పిలిచాను. వాగు అవతల గూడెం ఆడవాళ్లు, ఏళ్ల తరబడి నా చేలోనే చేస్తున్నారు. కల్లంలోంచి కొంత కాయను సంచుల్లో నింపి, గట్ల మీద నెత్తిన మోయించి ఇంటికి తెప్పించాను. మోత కూలీ దండగ అని ప్రాణం కొట్టుకుంది. అయినా ఇచ్చాను.

ముఠాను నడిపే ఆమె సంచి దించి అడిగింది: “పెద్దమ్మా, తాలు కాయ కల్లంలనే ఏరుతం గద, ఇంటికెందుకు మోయించినవ్?”

“నీడకు.”

“నీ వాకిట్ల నీడ యాడున్నది?”

“పక్కింట్ల ఉన్నది.”

ఆమె వరండాలో వేసిన కొత్త కుర్చీలను చూసింది. గాలి ఎటు పోతుందో చూసింది. తర్వాత తన భాషలో మిగతావాళ్లకు ఏదో చెప్పింది. అందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వారు.

ఆదివారం పొద్దెక్కింది. వరండా నిండింది. ప్రొఫెసరు మెత్తటి గొంతుతో శాంతి గురించి మొదలుపెట్టాడు. నా వాకిట్లో ఆడవాళ్లు చేతులకు నూనె రాసుకొని, ముక్కులకు గుడ్డలు కట్టుకొని కూర్చున్నారు. తెల్లబారిన తాలు కాయను వేరుచేసి కుప్ప వేయాలంటే రాశిని మళ్లీ మళ్లీ తిరగేయాలి. తిరగేసినప్పుడల్లా ఎండిన గింజల దుమ్ము లేస్తుంది. ఆ ఘాటు అలవాటు లేనివాళ్లకు అగ్గి మింగినట్టే. గాలి దాన్ని ఎత్తుకొని వరండాలోకి పోయింది.

ముందు ఒక తుమ్ము. తర్వాత రెండు దగ్గులు. తర్వాత ఎవరివో చెప్పలేనన్ని. శాంతి అనే మాట సగంలో తెగిపోయింది.

గోడ మీదుగా మా తోటికోడలు తల ఎత్తింది, అంటే మా మరిది భార్య. “అక్కా, నా వంటింట్ల గూడ మండుతున్నదే.”

“నీ మీద కోపం లేదు పిల్లా. కండ్లల్ల నీళ్లు కొట్టుకో, కిటికీ మూసుకో.”

“మూయను తియ్యి. ఆయన దగ్గు నాకు ఇనపడాలె.”

మా మరిది కళ్లు తుడుచుకుంటూ నా వాకిలి దగ్గరికి వచ్చాడు. “వదినా, ఇదేం పని? ఇయ్యాల్నే చెయ్యాల్నా?”

“మబ్బేసింది సారూ. ఎప్పుడు చెయ్యాలె?”

“కల్లంల చేసుకోరాదు?”

“కల్లానికి బాట లేదు గద. అందుకే కల్లమే ఇంటికొచ్చింది.”

అప్పటికి ప్రొఫెసరు రుమాలు ముక్కుకు అదుముకొని మెట్ల దగ్గరికి వచ్చాడు. “ఏం బాటమ్మా?” అని అడిగాడు. నేను మెట్లెక్కలేదు. కిందనే నిలబడి, అందరికీ వినపడేట్టు చెప్పాను.

“సారూ, నేను నాలుగో తరగతి దాకే సదివిన. తప్పైతే దిద్దుండ్రి. అన్న ముందు తమ్ముడు ఎట్లుండాల్నో ఈయన ప్రతి ఆదివారం మాకు సదివి చెప్తడు. ఆ అన్న సచ్చిపోయినంక, అన్న పెండ్లాం కల్లం బాటకు కడీలు పాతిండు. చెక్క తనకు అమ్మాల్నంట. ఏ పుస్తకం ప్రకారం పాతిండో నాకు దొరకలే. మీకు తెలిస్తే చెప్పుండ్రి.”

ప్రొఫెసరు మా మరిది వైపు తిరిగాడు. “నిజమేనాండీ?”

“అది... సివిల్ మ్యాటర్ సార్. మీకు తెల్వదు.”

“ఓహో” అన్నాడు ప్రొఫెసరు. అతనికోసం వండిన కోడి కూర అట్లాగే ఉండగా కారెక్కి వెళ్లిపోయాడు. మొన్న నన్ను కూర్చొని మాట్లాడుకోమన్న పెద్దలు చెప్పుల కోసం వెతుక్కుంటూ నా మొహం చూడకుండా దిగిపోయారు. చాలామంది తాగని టీ గ్లాసులు వరండా గోడ మీద మిగిలాయి.

“నా పరువు తీసినవ్ గదా! నీకు దండం పెట్టాలె” అని మా మరిది గొంతు పోయేట్టు అరిచాడు. ఘాటుకు అతని కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

“దండం ఎందుకు? వచ్చే ఆదివారం గూడ తాలే ఏరుతం. ఆ పై ఆదివారం తొడిమెలు తీస్తం. తత్వం సదువుకోండ్రి, మేం అడ్డం రాం.”

ఆ మాట అంటున్నప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని ఏ చైనా పెద్దా ఒప్పుకోడు. నీళ్ల పుస్తకం అయితే అసలే ఒప్పుకోదు. ఒప్పుకోకపోతే పోనీ. అతను దగ్గిన ప్రతి దగ్గూ నాకు తియ్యగానే వినపడింది. జాలి వస్తుందేమోనని కాసేపు చూసుకున్నాను. రాలేదు. ముఠా ఆడవాళ్లకు బెల్లం టీ పెట్టి ఇచ్చాను, వాడిన పొడినే మళ్లీ మరిగించకుండా ఈసారి కొత్త పొడి వేసి.

మర్నాడు పొద్దున్నే మా మరిది ఇద్దరు కూలీలతో పొలానికి వచ్చాడు. బాట మీద ఉన్న కడీలను పీకించి, తీగను చుట్ట చుట్టించి గట్టు మీద వేయించాడు. ట్రాక్టరు లోపలికి వచ్చింది. కల్లంలో మిగిలిన కాయను బస్తాలకెత్తి ట్రాలీ నింపాం. తిరిగి వస్తుంటే అతని వరండా ముందు బండి ఆపించి, బస్తాల మీద గట్టిగానే ఉన్న మోకుతాడును మళ్లీ బిగించమన్నాను. డ్రైవరు నవ్వుతూ దిగి, తీరుబడిగా బిగించాడు. లోపల తలుపు మూసుకున్న చప్పుడైంది. బండి ఖమ్మం రోడ్డెక్కాక నేను ఇంటికి వచ్చి వాకిలి ఊడ్చాను. ఊడ్చిన మిరప దుమ్మును పారబోయలేదు. సంచిలోకి ఎత్తి, మూతి కట్టి, వరండా వైపు గోడకు ఆనించి పెట్టాను.