పార్వతి ముగ్గు

దయ్యాల మాట ఎత్తితే నవ్వేసి లేచిపోయేవాణ్ణి. లెక్కల మాష్టారిగా రిటైరయ్యాను. ఏ రోజు సంగతి ఆ రోజే డైరీలో రాసుకోవడం నా అలవాటు. ఇప్పుడు చెప్పబోయేదీ జరిగిన సాయంత్రమే రాసుకున్నాను. జరిగినదానికి తర్వాత ఏమీ చేర్చలేదు.

రిటైరయ్యాక విజయనగరం జిల్లాలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునేవాణ్ణి. అక్కడ బల్లల మీద ఉన్నవి పూర్తి కంప్యూటర్లు కావు. తెర, కీబోర్డు, ఒక చిన్న డబ్బా, అంతే. పక్కగదిలోని సర్వర్ ఏది పంపితే తెర మీద అదే కనిపిస్తుంది. సర్వర్ ఆగితే అన్నీ నల్లబడిపోతాయి.

వాటన్నిటినీ బిగించింది ల్యాబ్ అసిస్టెంటు పార్వతి. తెర వెలగగానే తను గీసిన చుక్కల ముగ్గు కనిపించేలా పెట్టింది.

ఒకసారి సర్వర్‌లోని మెమరీ చిప్పులు పోయాయి. కాలేజీ నడిపే కరస్పాండెంటు గారు పార్వతిని దొంగ అన్నారు. విద్యార్థులందరి ముందూ ఆమె సంచి దులిపించి పంపేశారు. ముగ్గు తీయించి తన ఫోటో పెట్టించారు. ఆ వేసవిలోనే పార్వతి జ్వరంతో పోయింది. ఆమె భర్త నాయుడు మా కాలేజీ బస్సు డ్రైవరు. చివరిదాకా ఆమె ఒకటే మాట అన్నదని చెప్పాడు: "ఆడి నోటితోనే సెప్పిస్తాను, సూడు."

కాలేజీ గుర్తింపు కోసం తనిఖీ అధికారులు వచ్చిన రోజు పొద్దున ల్యాబులో తెరలు ఆన్ చేశాను. అన్నిటి మీదా ముగ్గే. ఏ మీట నొక్కినా కదలదు.

"ఏటిది మాష్టారూ? ముందది తీసీండి," అన్నారు కరస్పాండెంటు.

సర్వర్‌లో వెతికాను. ఆయన ఫోటో తప్ప ముగ్గు ఎక్కడా లేదు. ఆయనే విసురుగా వెళ్లి సర్వర్ ప్లగ్గు పీకేశారు. ఫ్యాను చప్పుడు ఆగింది. ముగ్గు పోలేదు.

అప్పుడే అధికారులను లోపలికి తీసుకొచ్చిన నాయుడు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"మా ఇంట్లోనూ ఇంతే బాబూ. దానికి కోపమొస్తే మాటాడదు. గుమ్మంలో ముగ్గేసీసి లోపలికెలిపోయేది. తప్పు ఒప్పుకుంటే గానీ దాటకూడదు. ఓపాలి మిట్టమద్దినం దాకా ఎండలో నిలబడిపోనాను."

ఒక అధికారి నవ్వాడు. కరస్పాండెంటు నవ్వలేదు. ముందు వరస కుర్చీలో కూలబడ్డారు.

"ఆ సిప్పులు నానే తీయించినాను. పాత డబ్బాలు కొత్తవని సంతకం పెట్టమంటే పెట్టనన్నాది. అందుకే దొంగని సేసినాను."

వెనక వరస నుంచి తెరలు ఒక్కొక్కటిగా ఆరిపోయాయి. అధికారులు ఆ మాటలు కాగితం మీద పెట్టుకుని వెళ్లిపోయారు. గుర్తింపు రాదని అప్పుడే తేలిపోయింది.

కరస్పాండెంటు ఎదుట ఉన్న తెర మాత్రం ఆరలేదు. దాని కరెంటు తీగ కూడా ఊడదీశాను.

"ఒప్పుకున్నారు కదా నాయుడూ?" అన్నాను.

"ఒప్పుకుంటే దాటనిచ్చీది మాష్టారూ. సెమించీదని నాను సెప్పలేదు."

తీగ నా చేతిలో ఉంది. ముగ్గు వెలుగు ఆయన ముఖం మీద ఉంది. ఈ రెండు వాక్యాలూ డైరీలో పక్కపక్కనే రాశాను. వాటిని కలిపే మూడో వాక్యం నాకు ఇప్పటికీ దొరకలేదు.