మొదటి మీటరు

నీటి సరఫరా కార్యాలయంలో ఇంజనీరైన ఆమెను వీధిలో అందరూ మీటరమ్మ అంటారు. ఎవరింటికి వెళ్ళినా, కారే కుళాయిని బిగించాకే కుర్చీలో కూర్చుంటుంది. వాడిన నీటికి తగ్గట్టు రుసుము కడితే ఆ రాబడితోనే పాత గొట్టాలన్నీ మార్చవచ్చన్నది ఆమె పథకం. వీధిలో కనీసం సగం ఇళ్ళవాళ్ళైనా ఒప్పుకోకపోతే అది రద్దవుతుంది. ఇంకా ఒక్క ఇల్లు తక్కువైంది. అందరికంటే ముందు తన ఇంటికే మీటరు పెట్టించుకుంటే, తీరా మొదటి బిల్లు వీధంతా నవ్వుకునేంత వచ్చింది.

"నీ మీటరు నిన్నే మింగిందటగా?" అంది ఎదురింటి పెద్దావిడ, నలుగురూ వింటుండగా.

"మింగింది పిన్నీ. వంటింటి గచ్చు కింద గొట్టం కారుతోంది. మీటరు పెట్టబట్టి ఇన్నాళ్ళకి బయటపడింది, రండి చూద్దురు గాని," అంటూ మీటరమ్మ అందరినీ లోపలికి పిలిచి, తవ్విన గుంటను కొత్త నగ చూపించినంత మురిపెంగా చూపించింది.

పెద్దావిడ వంగి చూసింది. "అయితే మాకూ ఒకటి పెట్టు. నీళ్ళు పారబోసేది నేనో, నా కోడలో తేలిపోతుంది."

"రేపే పెట్టండక్కా," అంది కోడలు వెనకనుంచి.

తక్కువైన ఇల్లు కుదిరింది. గుంట పూడ్చడానికి వచ్చిన మేస్త్రీని, పక్క వీధివాళ్ళు కూడా చూసి వెళ్ళేదాకా ఆగమంది మీటరమ్మ.