నడక సఫారీకి ముందే ఎదురైన గూస్

వచ్చే నెల మేమిద్దరం జాంబియాలో ఒక మారుమూల నేషనల్ పార్కుకు వెళ్తున్నాం. అక్కడ జీపు ఎక్కకుండా, గైడు వెనకాలే నడుస్తూ సింహాలనూ ఏనుగులనూ చూడవచ్చట. మా ఆయన పట్టుబట్టి మరీ ఆ నడక సఫారీ బుక్ చేశారు.

ఈ రోజు ప్రయాణానికి కావలసిన టీకాల కోసం మేముండే కనాటాలోనే ఒక క్లినిక్‌కి వెళ్లాం. సూది గుచ్చితే ఆయన కిక్కురుమనలేదు. తీరా బయటికి వచ్చేసరికి మా కారు పక్కన గడ్డిలో ఒక గూస్, అదే పెద్ద అడవి బాతు, గుడ్లు పొదుగుతూ కూర్చుంది. దాని మొగుడు మెడ చాచి, బుస్సుమంటూ మా మీదికి వచ్చాడు. చూస్తే మా ఆయన నా భుజాలు పట్టుకుని నా వెనకాల నక్కి ఉన్నారు.

"సింహాల మధ్య నడుస్తానన్నారు కదండీ, ముందుకు పదండి," అన్నాను.

"సింహాల దగ్గరైతే గైడు ఉంటాడే! దీనికెవరున్నారు?" అన్నారు.

ఇంతలో వాకర్ తోసుకుంటూ తన కారు వైపు వెళ్తున్న ఒక పెద్దావిడ, "సారీ డియర్," అని ఆ మగ గూస్‌కే చెప్పి, ఆగకుండా నడిచింది. అది పక్కకు తప్పుకుంది. మేమూ ఆవిడ వెనకాలే బుద్ధిగా నడిచి కారెక్కేశాం.

ఇంటికి రాగానే ఆయన, జీపు సఫారీకి మార్చడం కుదురుతుందా అని అక్కడ మేం దిగబోయే క్యాంపుకి మెయిల్ పెట్టారు. నేను మాత్రం నడిచే చూస్తాను. అలా నడిచి వచ్చినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే ఆయనకు కాస్త ధైర్యం చెప్పండి. ఈ పోస్టు ఆయనా చదువుతారు, మర్యాదగా నవ్వండి.