జానెడు తీగ తక్కువైన పెండ్లికొడుకు

ఒక ఎక్సిలేటర్ తీగ వల్ల నా పెండ్లి చెడిపోబోయింది. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి, ముందు ముందు తీరిక ఉండదు.

కరీంనగర్‌లో మాది మగ్గాల ఇల్లు. నాకు మాత్రం మిలిటరీ వాళ్లు అమ్మేసిన పాత మోటార్ సైకిలొకటి ఉండేది. పెండ్లికి దాని మీదే వస్తానని అత్తగారి ఊరంతా చాటించుకున్నాను. అంతలో ఎక్సిలేటర్ తీగ తెగింది. పేపర్లో ‘సగం ధరకే, పోస్టులో’ అన్న ప్రకటన చూసి బొంబాయికి కార్డు రాశాను. వచ్చిన తీగ బిగించి, మెకానిక్ లతీఫ్ పెదవి విరిచాడు.

“జర పొట్టిగున్నది భాయ్. హ్యాండిల్ ఎడమకు తిప్పితే తీగ గుంజుకుంటది, బండి దానంతట అదే ఉరుకుతది.”

“కొత్త నూలు గూడ మొదలు గట్లనే ఉంటది. బరువు గడితే సాగుతది.”

నేత బుద్ధి ఎక్కడికి పోతుంది? తీగను విప్పించి, దూలానికి వేలాడదీసి, కింద రోటి పొత్రం కట్టి రెండు రోజులుంచాను. వెంట్రుకవాసి సాగలేదు. దాన్నే మళ్లీ బిగించి, మా నాన్నను, అదే బాపును, వెనక కూర్చోబెట్టుకుని బయలుదేరాను. ఎడమ మలుపు వచ్చిన చోటల్లా దిగి తోసుకుంటూ అత్తగారి ఊరు పెద్దపల్లి చేరాం.

ఎదురుకోలుకు ఆడపెండ్లివారు పానకం బిందెతో, బాజాలతో నిలబడి ఉన్నారు. సరిగ్గా ఎడమ చేతి సందు మొదట్లో. వాళ్ల ముందు పెండ్లికొడుకు బండి తోసుకుంటూ వస్తే పరువేం కావాలి? తెగించి తిప్పాను. బండి ఒక్క గంతు వేసింది. భయంతో హ్యాండిల్ తిన్నగా చేశాను. బండి సందు దాటి నేరుగా పోయింది, పానకం బిందె, మామగారి కొత్త తలపాగా వెనకే ఉండిపోయాయి. బాపు నా వీపు తట్టాడు.

“వాళ్లు గాడున్నరు గదరా.”

“ఎడమకు తిప్పితే ఉరుకుతది బాపూ.”

“అయితే కుడికి దిప్పుకొని రా.”

చుట్టి వచ్చాను. ఇప్పుడు సందు కుడివైపే. హాయిగా తిరగబోతుంటే బాపు నా భుజం పట్టుకున్నాడు.

“దక్షిణం దిక్కు మొకం బెట్టి ఎదురుకోలుకు వస్తరారా? మళ్ల పోయి సక్కగ రా.”

మళ్లీ పోయాను. మళ్లీ ఎడమ, మళ్లీ అదే గంతు. మూడోసారి కూడా వాళ్ల ముందు నుంచే దూసుకుపోయేసరికి బాజాలు ఆగిపోయాయి. “పిలగాడు అలిగిండు,” అని ఎవరో అనడం వినపడింది.

తిరిగి వచ్చేసరికి మామగారు రోడ్డు మధ్యలో చేతులు జోడించి నిలబడి ఉన్నారు. బ్రేకు వేశాను. ఆయన కళ్లలో నీళ్లు చూసి సిగ్గుతో చచ్చిపోయాను.

“ఏం తక్కువ జేసినం బిడ్డా? గీడనే చెప్పు, ఇస్త.”

“జానెడు తీగ తక్కువైంది మామా.”

సంగతంతా విని ఆయన తలపాగా సర్దుకుని బండి వెనక చేయి వేశారు. ఆడపెండ్లివారంతా కలిసి నన్ను సందులోకి తోశారు. నేను మాత్రం దిగలేదు, పరువు కదా.

ఇప్పటికీ నేను అలిగితే మా ఆవిడ కంచం ముందు పెట్టి, “ఎంత తక్కువైంది, జానెడా, బెత్తెడా?” అంటుంది.

అగ్నిసాక్షిగా ఆమె చేయి పట్టుకున్నప్పుడే మనసులో మరో ప్రమాణం చేశాను. పోస్టులో వచ్చే చౌక సామాను బండికి బిగించను, మళ్లీ పెండ్లి చేసుకోను. రెండూ ఇప్పటిదాకా నిలబెట్టుకున్నాను.