బాపట్ల బస్సులో బిరడా బిగించిన ద్రాక్షారసం

వైన్ విషయంలో నాకు నోరెక్కువని మా చుట్టాలందరికీ తెలుసు. ఎర్ర వైన్‌లో ఐసు ముక్కలు వేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా తెనాలిలో వైన్స్ అని బోర్డు పెట్టిన కొట్లో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి. పట్టుబట్టి అడిగితే దగ్గు మందు రంగులో ఉన్న సీసా ఒకటి దుమ్ము దులిపి ఇచ్చి, "తియ్యగా ఉంటది మేడమ్, లేడీసుకి బాగుంటది" అంటారు. తియ్యగా ఉండటమే దాని రోగమని చెబితే వినరు. ఈ నోటి దురుసు వల్లే ఈ ప్రయాణం నా మెడకు చుట్టుకుంది. గుడ్ ఫ్రైడే సాయంత్రం రేపల్లె నుంచి మా మేనత్త రూతమ్మ ఫోన్ చేసింది. "మోకాళ్ళు లేవనివ్వట్లేదే ప్రమీలా. ఎల్లుండి ఈస్టరుకి బాపట్లలో మన కెజియా మొదటిసారి రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకుని ప్రభు బల్లలో పాలు పొందుతుంది. ఆ గిన్నెలో పోసేది నా చేతి ద్రాక్షారసమే అవ్వాలి. అక్కడి చర్చి అయ్యగారు ఒప్పుకున్నారు. వైన్ గురించి అంత మాట్లాడతావుగా, నువ్వే చేర్చు" అంది. కెజియా ఆమె మనవరాలు, మా మేరీ వదిన కూతురు. కాదనడానికి నోరు రాలేదు.

శనివారం ఉదయం ఏడు దాటాక తెనాలిలో రేపల్లె ప్యాసింజర్ ఎక్కాను. గంటకు కాస్త పైగా పడుతుంది, టికెట్టుకి అయ్యేది రెండు టీల ఖర్చు. వేమూరు, భట్టిప్రోలు మీదుగా తాపీగా పోతుంది, కిటికీ పక్కన సీటు దొరుకుతుంది, ఎండ ముదరకముందే చేరిపోతారు. ఈ కాస్త దూరానికి బస్సెక్కమని ఎవరైనా చెబితే వినకండి. రేపల్లె స్టేషన్ బయట బండి మీద ఇడ్లీ, అల్లప్పచ్చడి తిని, అత్త ఇంటికి నడిచి వెళ్ళాను. అప్పటిదాకా నాది హాయి ప్రయాణమే.

అత్త వంటింటి బల్ల మీద రెండు సీసాలు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి చర్చికి, రెండోది ఇంట్లో పండగ భోజనానికి. పాత షర్బత్ సీసాలు, గట్టిగా దిగ్గొట్టిన బిరడాలు, మీద లక్క. చర్చి సీసాకి తెల్ల గుడ్డ చుట్టి దారం కట్టింది. జాడీ అడుగున మిగిలింది స్టీలు గ్లాసులో పోసి, "చెప్పు నీ తీర్పు" అంది గర్వంగా. వాసన చూశాను. నల్ల ద్రాక్ష, కాస్త లవంగం, బాగుంది. ఒక గుక్క తాగాను. తీపి ఎక్కువైందని అనబోతుంటే నాలుక మీద చురుక్కుమంది, గోలీసోడా తాగినట్టు.

"అత్తా, ఇందులో మళ్ళీ పంచదార వేశావా?"

"మొన్న గురువారం సీసాలకెత్తేముందు వేశా. పిల్ల మొదటిసారి పుచ్చుకుంటది, పుల్లగా ఉంటే మొహం చిట్లిస్తదని. ఏంటే, ఎక్కువైందా?"

"తీపి సంగతి తర్వాత. ఇది ఇంకా పులుస్తోంది. లోపల గ్యాస్ పుడుతుంటే పోయే దారి లేదు. ఈ ఎండకి సీసా పేలుద్ది!"

"ముప్పై ఏళ్ళ నుంచి చేస్తన్నా. ఒక్కటి పేల్లా."

"ఎప్పుడైనా మూసేముందు పంచదార వేశావా?"

అత్త గుడ్డ మీది దారం ఇంకోసారి బిగించింది. ఒక్కసారి బిరడా తీసి మళ్ళీ పెడదామని బతిమాలాను. "ప్రార్థన చేసి గుడ్డ చుట్టాక బల్ల దగ్గర అయ్యగారే తియ్యాలి. మా అమ్మ కాలం నుంచీ అదే పద్ధతి. దార్లో నువ్వు తీస్తే అది మామూలు సీసా అయిపోద్ది" అంది. తర్వాత గొంతు తగ్గించి, "కొట్లో సిరప్పుతో కానిచ్చేద్దాం అన్నాడు అల్లుడు. నువ్వూ అదే అంటావా?" అంది. కళ్ళల్లో నీళ్ళు. ఇంకేం అంటాను? మనవరాలి కోసం వేసిన పంచదారే ముప్పుగా మారిందని ఆ మొహం చూస్తూ చెప్పలేకపోయాను. ఇంటి సీసా బిరడా అయినా తియ్యమని చెప్పి, చర్చి సీసా తీసుకున్నాను.

చల్లగా ఉంచితే పులవడం నెమ్మదిస్తుంది. అదొక్కటే నాకు తోచిన దారి. చేపల మార్కెట్‌కి వెళ్ళి పాత థర్మాకోల్ పెట్టె, దాన్నిండా ఐసు కొన్నాను. ఐసు కొడుతున్న ఆవిడ, "ఏం చేపలమ్మా?" అంది. "చేపలు కాదు పిన్నీ, సీసా" అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, "పండగ దాకా ఆగలేవా తల్లీ?" అంది. మరోసారైతే పడీ పడీ నవ్వేదాన్ని. ఆ రోజు డబ్బులిచ్చి పెట్టె ఎత్తుకున్నాను.

రేపల్లె నుంచి చెరుకుపల్లి, కర్లపాలెం మీదుగా చీరాల వెళ్ళే బస్సెక్కితే గంటన్నరలో బాపట్లలో దిగొచ్చు. నేను పన్నెండున్నరకి ఎక్కాను, అంతకన్నా బుద్ధితక్కువ సమయం లేదు. పెట్టె కాళ్ళ మధ్య పెట్టుకున్నాను. పక్కన మస్తాన్ గారని చీరాల పెద్దాయన, ఊళ్ళలో చీరలమ్ముకుని మిగిలిన మూటతో ఇంటికి వెళ్తున్నారు. అవతలి సీట్లో ఒకావిడ ఒళ్ళో చంటిబిడ్డ. ప్రతి గతుక్కీ పెట్టెని మోకాళ్ళతో అదిమి పట్టుకునేదాన్ని. గాజు పెంకులు ఎంత దూరం ఎగురుతాయో లెక్కలు వేస్తూ కూర్చున్నాను. నా మొహం చూసి మస్తాన్ గారు, "ఒంట్లో బాలేదా అమ్మా?" అన్నారు. "బానే ఉందండి" అన్నాను. అబద్ధం.

చెరుకుపల్లి దాటాక టైరు పంక్చరయింది. అందరం దిగి తుమ్మచెట్ల కింద నిలబడ్డాం. డ్రైవర్‌ని ఎంతసేపని అడిగితే, "అరగంట అనుకోండి మేడమ్. అంత తొందరేంటండీ, పెట్టెలో బాంబుందా?" అని నవ్వాడు. నేను పెట్టె ఎత్తుకున్నాను. జనానికి దూరంగా కాలవ గట్టు దాకా వెళ్ళి మూత తీసి చూశాను. ఐసంతా నీళ్ళయింది. గుడ్డ మీంచి తడిమితే బిరడా మీద లక్క పగిలింది, బిరడా పైకి పొడుచుకొస్తోంది. అప్పుడే ఫోన్ మోగింది. అత్త. ఎత్తితే బిరడా తియ్యనని మాటివ్వమంటుంది, ఇవ్వకుండా ఉండలేను. ఎత్తలేదు. మళ్ళీ మోగింది. మళ్ళీ మోగింది. ఫోన్ సంచిలో అడుక్కి తోసేశాను.

పారేస్తే కెజియాకి సిరప్పే గతి. బిరడా తీస్తే అత్త మాట పోతుంది. అలాగే బస్సెక్కిస్తే ఆ చంటిబిడ్డ. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వెనక్కి తిరిగితే మస్తాన్ గారు అక్కడే నిలబడి ఉన్నారు. ఆయన మూట కుట్టుకునే దబ్బనం చొక్కా జేబు మీద గుచ్చి మెరుస్తోంది. ఇక దాచలేదు. "ఇందులో వైన్ ఉందండీ. పేలేలా ఉంది. మీ దబ్బనం ఒక్కసారి ఇస్తారా?"

ఆయన రెండడుగులు వెనక్కేశారు. "యా అల్లా! మందు సీసాకా నా దబ్బనం?"

"చర్చికండి. రేపు ఈస్టరు. మా పిల్ల మొదటి సంస్కారం."

ఆయన జేబు మీంచి దబ్బనం తీశారు. "దేవుడి పనంటున్నావు, కాదనకూడదు. వాడాక శుభ్రంగా కడిగియ్యి తల్లీ. మొహం మాత్రం పక్కకి పెట్టుకో."

సీసాకి తడి తువ్వాలు చుట్టి, కాళ్ళ మధ్య ఇరికించి, మొహం తిప్పుకుని, గుడ్డ మీద నుంచే బిరడాలోకి దబ్బనం దించాను. చెప్పుతో నెమ్మదిగా కొడుతుంటే ప్రతి దెబ్బకీ కళ్ళు మూసుకున్నాను. చివరికి లాగగానే బుస్సుమంది. ఎంతసేపటికీ ఆగలేదు. తెల్ల గుడ్డ తడిసి గులాబి రంగుకి తిరిగింది, బిరడా మాత్రం కదల్లేదు. కూర్చున్నచోటే ఏడ్చేశాను. మస్తాన్ గారు అటు తిరిగి బస్సు వైపు చూస్తూ నిలబడ్డారు.

బాపట్ల బస్టాండులో మేరీ వదిన నన్ను చూడగానే మీదకొచ్చింది. "ఫోన్ ఎత్తవేంటే? అమ్మ ఏడ్చి ఏడ్చి చచ్చిపోతోంది!" తన ఫోన్ నా చెవికి ఆనించింది. నేనే ముందు మాట్లాడాను. "అత్తా, నేను గుడ్డ విప్పలా, బిరడా తియ్యలా. దబ్బనంతో చిన్న..."

"సీసా సంగతి ఎవరడిగారే!" అత్త గొంతు ఎప్పుడూ వినని గొంతులా ఉంది. "నువ్వెళ్ళిన గంటకే వంటింట్లో రెండోది పేలింది. గోడ నిండా గాజే. నేను అప్పుడే అవతలి గదిలోకొచ్చా కాబట్టి బతికా. తీసెయ్యవే, కాలవలో పారెయ్యవే అని చెప్దామనే చేశా. నువ్వెత్తలా. నా పద్ధతి కోసం నిన్ను చంపుకున్నాననుకున్నానే."

ఆదివారం అయ్యగారు మరక పడిన గుడ్డ విప్పి, నా వైపు ఒకసారి చూసి, బిరడా తీశారు. కెజియా పుచ్చుకుంది, మొహం చిట్లించలేదు. నా తీర్పు అడిగితే, తీపి ఎక్కువ, పులుపు తక్కువ, దబ్బనం రంధ్రంలోంచి ఒక రాత్రి గాలి తగిలి వాసన కాస్త తగ్గింది. ఇంకెవరి చేతిదైనా పక్కన పెట్టేసేదాన్ని. బల్ల దగ్గర మోకరించి తాగినప్పుడు మాత్రం కొట్లో సీసాల గురించి నేను చేసిన వాదనలేవీ గుర్తు రాలేదు. అత్త ఒక్కతే చీపురుతో గోడ కింద గాజు ఊడుస్తూ నాకు ఫోన్ చేస్తున్న దృశ్యమే కళ్ళ ముందు నిలిచింది. అప్పటికి పేలుతుందని ఇద్దరికీ తెలుసు, నేను ఫోన్ ఎత్తక ఒకరి భయం ఒకరికి చెప్పుకోలేకపోయాం.

ఈ దారిన ఇంటి వైన్ తీసుకెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. నాలుక మీద చురుక్కుమంటుంటే బిరడా బిగించకండి, మూతి మీద పల్చటి గుడ్డ కట్టి, పొద్దున్నే చల్లటి వేళలో బయల్దేరండి. దారిలో ఇంటి నుంచి ఫోనొస్తే మాత్రం, ఏం వినాల్సి వస్తుందోనని ఎంత భయమైనా సరే, ఎత్తండి.