పట్టుకి రెండు, ఖాళీకి పది

మీరు ఆవిడకి అడ్డంపడ్డారు. మా డ్రిల్లు టీచరు పోయారన్న వార్త మొన్న వాట్సాప్‌లో చూడగానే దండం బొమ్మ పెట్టారే, బడి కమిటీవారూ, మీతోనే మాట్లాడుతున్నాను. "ఆడపిల్లల్ని కోతుల్ని చేస్తోంది" అన్నది మీరే. పటమటలోని మా బడి అమ్మాయిల్ని ఆవిడ ఊరి బయట రాతికొండ శిఖరానికి తీసుకెళ్తుంటే ఆపాలని చూసిందీ మీరే. ఇప్పుడెందుకండీ దండాలు?

కొండకన్నా ముందు ఆవిడ మాకు గోడ చూపించారు. ప్రహరీ గోడ ఎంత వెడల్పో అంత వెడల్పున నేలమీద రెండు సుద్దగీతలు గీసి, మధ్యలో నడవమన్నారు. నవ్వుకుంటూ నడిచాం. తర్వాత గోడెక్కించారు. నాలుగడుగులకే గోడమీద చతికిలబడ్డాను.

"దారి అదేనే. కిందున్నది మారింది, అంతే," అన్నారు.

అప్పట్నుంచీ ప్రతి బండకీ రెండు రకాల మార్కులు వెయ్యాల్సిందే, ఒక్కోటీ పదికి. ఎక్కడానికి ఎంత కష్టమన్నది పట్టు. జారితే ఎంత కింద ఆగుతామన్నది ఖాళీ. తెలివి చూపించి రెండిటికీ సగటు తీశానని నా చెవి మెలిపెట్టారు. "కలిపేస్తే చస్తావే!"

ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, తెల్ల కాన్వాసు బూట్లతో ఎక్కేవారు. ఒకసారి శిఖరం ఇరవై అడుగులుందనగా చినుకులు పడ్డాయి. వెనక్కి తిరగమన్నారు. మేం గొణిగాం. "ఇవాళ ఎక్కగలం, దిగలేం. పదండి," అన్నారు. అందరికీ ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు పంచి, తొక్కలు మాత్రం తన సంచిలో వేసుకున్నారు.

మేం పదో తరగతిలో ఉండగా మీ కమిటీ తీర్మానించింది: చిట్టచివరి బండ మగపిల్లలకే. ఆవిడ వాదించలేదు. కమిటీ పెద్దని కొండమీదికి పిలిచారు. ఆయనకి పామర్రులో రైసుమిల్లు. చెమటలు కక్కుతూ వచ్చారు.

ఆ బండకి రెండు దారులు. ఎడమపక్క రేకుల కప్పులా వాలిన నున్నటి రాయి. మగపిల్లలు పరిగెత్తేది దానిమీదే. కుడిపక్క, ఎండిన పొలంలో విచ్చుకున్నట్టు నిలువునా నెర్రె. చెయ్యి దూర్చి, కాలు ఇరికించి ఎక్కాలి.

"ఈ నెర్రె ఆడపిల్లల వల్ల అవుతుందాండీ? ఇటు చూడండి, మావాడు పరిగెత్తుతాడు," అంటూ, ఆవిడ వద్దనేలోపే ఆయన వాలురాయి మీద రెండడుగులు వేశారు. కాలికింద గులకరాళ్లు కదిలాయి. ఒక రాయి దొర్లి అంచు దాటింది. చాలాసేపటికి గాని కింద చప్పుడు కాలేదు. ఆయన కూలబడ్డారు.

"మేడమ్ గారూ! చెయ్యివ్వండి!"

"లేవకండి. కూర్చునే వెనక్కి జరగండి. అలాగే. నడక కష్టమైందాండీ?"

"లేదండీ."

"మరి?"

"కింద ఏం లేదండీ!"

"పట్టుకి రెండు. ఖాళీకి పది," అని ఆవిడ మావైపు తిరిగారు. "నెర్రెకి ఎంతే?"

"పట్టుకి ఏడు, ఖాళీకి రెండు!" అని పదకొండుమందిమీ అరిచాం. ఎందుకంటే నెర్రె కింద మంచమంత వెడల్పు అరుగుంది.

మొదట నేనే ఎక్కాను. నా ఎత్తు కూడా ఎక్కకముందే జారాను. అరుగుమీద పడ్డాను, మోకాలు గీరుకుంది, లేచాను. మళ్లీ ఎక్కాను. ఒక్కొక్కరే పదకొండుమందిమీ ఎక్కాం! దూరాన కృష్ణ, ఎటు చూసినా పచ్చటి పొలాలు, మా గొంతులు పోయేదాకా కేకలు. ఆ మిల్లు పెద్దాయన కింద నిలబడి చప్పట్లు కొట్టారు. మరుసటి ఆదివారం కొడుకునీ నెర్రెలోంచే ఎక్కించారు. వాడికి మూడు ప్రయత్నాలు పట్టాయి. ఆ మాట ఇవాళ రాస్తున్నా నాకు సంతోషంగానే ఉంది.

మేం గెలిచాం. ఆవిడ గెలిపించారు. ఆవిడ రిటైరయ్యాక మీరేం చేశారు? కొండమీద "విద్యార్థినులు ఇక్కడివరకే" అని బోర్డు పాతారు. వాలురాయి పక్కన మాత్రం ఒక్క హెచ్చరికా లేదు. అందుకే అడుగుతున్నాను:

ఆ బోర్డు పీకెయ్యండి.

వాలురాయి మీదికి ఎవర్నీ పోనివ్వకండి, మగపిల్లల్ని కూడా.

అమ్మాయిల కొండ ప్రయాణం ఈ ఏడే మొదలుపెట్టండి.

మార్కులు ముందు పిల్లల్ని వెయ్యనివ్వండి. మీరు తర్వాత మాట్లాడండి.

వాళ్లు ఎక్కుతుంటే కింద నిలబడి "జాగ్రత్త, జాగ్రత్త" అని అరవకండి. కాలెక్కడ పెట్టాలో మీకు కనిపిస్తే అది చెప్పండి. కనిపించకపోతే నోరు మూసుకోండి.